మెడలో సిలువ వేసుకుంటే దాని అర్థమేంటి? తీసేస్తే ఏంటి?

రేపల్లె రేవు

అందరికీ వందనాలు. మా ఇంట్లో ఎంతకీ తెగని చర్చ ఒకటి ఇక్కడ పెడుతున్నాను. మా పుట్టింటివాళ్ళు లూథరన్లు. పెళ్ళయ్యాక మా ఆయనవాళ్ళ బ్రదరన్ సహవాసానికి వెళ్తున్నాను. మా పెద్దమ్మాయి వచ్చే నెల బాప్తిస్మం తీసుకోబోతోంది. ఆ సంగతి తెలిసి మా అమ్మ సన్నటి గొలుసుకి గోరంత బంగారు సిలువ చేయించి పంపింది. మా ఆయన చూసి ఏమీ అనలేదు గానీ, సంఘ పెద్దల్లో ఒకరు "ప్రభువు సిలువను ఎత్తుకొమ్మన్నాడు, మెళ్ళో వేసుకొమ్మనలేదు" అన్నారు. అమ్మేమో ఫోన్ చేసినప్పుడల్లా "వేసుకుందా?" అని అడుగుతోంది.

అమ్మాయి మాత్రం నన్ను సూటిగా అడిగింది: "ఇది వేసుకుంటే నేను దేవుడికి ఏం చెప్తున్నట్టు? తీసేస్తే ఏం చెప్తున్నట్టు?" అని. వాక్యం తెలిసినవాళ్ళు, చరిత్ర తెలిసినవాళ్ళు, రోజూ వేసుకునేవాళ్ళు, కావాలనే వేసుకోనివాళ్ళు అందరూ చెప్పండి. ఒకరినొకరు తిట్టుకోవద్దని మాత్రం మనవి.

నర్సాపురం సహోదరుడు

సిస్టర్, ప్రభువు నామంలో వందనాలు. మా తాతల కాలం నుంచీ మేం బ్రదరన్ సహవాసంలోనే ఉన్నాం. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు దొరలు నర్సాపురం వైపు వచ్చి మొదలుపెట్టిన సేవ ఇది. మా మందిరంలో గోడ మీద కూడా సిలువ ఉండదు. ఒక బల్ల, దాని మీద రొట్టె, గిన్నె, అంతే.

ఎందుకంటే, సంఖ్యాకాండం 21లో ఇత్తడి సర్పాన్ని చేయమన్నది దేవుడే. పాము కరిచినవాళ్ళు దాన్ని చూసి బతికారు. కొన్ని వందల ఏళ్ళు గడిచాక జనం అదే సర్పానికి ధూపం వేయడం మొదలుపెట్టారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు ముక్కలు చేశాడు (రెండో రాజులు 18:4). దేవుడు చేయించిన వస్తువే అయినా ఊరుకోలేదు. యోహాను 3లో ప్రభువు తన మరణాన్ని ఆ సర్పంతోనే పోల్చుకున్నాడు. అందుకే ఆ సర్పానికి పట్టిన గతి సిలువ గుర్తుకీ పట్టకూడదని మా భయం.

రెండో విషయం బంగారం. మన ఊళ్ళలో బంగారం అంటే కట్నం, పరువు, తాకట్టు. మా ఆడవాళ్ళు నగలు పెట్టుకోకపోవడం బయటివాళ్ళకి చాదస్తంలా కనిపిస్తుంది. కానీ ఆదివారం రొట్టె విరిచే చోట చేపల చెరువుల ఆసామి భార్య, ఆ చెరువుల్లో కూలికి వెళ్ళే మనిషి భార్య తెల్ల చీరల్లో పక్కపక్కనే కూర్చుంటారు. ఎవరు ఎవరో కొత్తవాళ్ళకి తెలియదు. స్త్రీల అలంకారం బంగారు నగలు కాదు, మనసు అని చెప్పే 1 పేతురు 3వ అధ్యాయాన్ని మేం పాటించే తీరు అది. సిలువ ఆకారంలో ఉన్నా బంగారం బంగారమే కదా సిస్టర్.

ఫిరంగిపురం అమ్మాయి

నేను కథోలిక్‌ని. సహోదరుడు గారు చెప్పిన హిజ్కియా మాట మేమూ చదువుతాం. అయితే హిజ్కియా పగలగొట్టింది ధూపం వేయించుకుంటున్న సర్పాన్ని. దాన్ని చేసిన మోషేను లేఖనం ఎక్కడా తప్పుపట్టలేదు. మందసం (ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె) మీద కెరూబులను, అంటే రెక్కలున్న దూతల బొమ్మలను, చేయమన్నదీ దేవుడే (నిర్గమకాండం 25).

ఈ గొడవ మనతో మొదలైంది కాదు. బైజాంటియంలో, అంటే తూర్పు రోమా సామ్రాజ్యంలో, చక్రవర్తులే పటాలను పగలగొట్టించిన రోజులున్నాయి. 787లో రెండో నికేయా మహాసభ కూర్చుని తేల్చింది: ఆరాధన దేవుడికి మాత్రమే. సిలువకు, పటానికి ఇచ్చేది గౌరవం. ఆ గౌరవం కూడా చెక్క దగ్గర ఆగదు, అది ఎవరిని చూపిస్తుందో వాళ్ళకి చేరుతుంది.

మా నాయనమ్మ స్కాపులర్ వేసుకునేది. గోధుమరంగు ఉన్ని గుడ్డ ముక్కలు రెండు, తాడుకి కుట్టి ఉంటాయి. ఒకటి గుండె మీద, ఒకటి వీపు మీద పడుతుంది. మిరప చేలో కలుపు తీసి వచ్చేసరికి చెమటకి అవి అట్టకట్టిపోయేవి. చేత్తోనే ఉతికి నీడన ఆరేసి, అది ఆరేదాకా జపమాల చేతిలో పట్టుకుని అరుగు మీద కూర్చునేది. నాకు పెద్దయ్యాక తెలిసింది ఏంటంటే, అది అసలు మఠాల్లో సన్యాసులు పనిచేసేటప్పుడు బట్టల మీద వేసుకునే పొడుగాటి వస్త్రం. కార్మెల్ సభ అనే సన్యాసుల సంఘంవాళ్ళ వస్త్రాన్ని మామూలు గృహస్థుల కోసం చిన్నది చేస్తూ చేస్తూ చివరికి ఈ రెండు ముక్కలు మిగిలాయి. అంటే అది పనిలో ఉన్న మనిషి వేసుకునే గుడ్డ. నాయనమ్మకి ఆ చరిత్ర తెలియదు, కానీ ఆమె బతుకు అచ్చం అలాగే సాగింది.

తప్పుగా వాడేవాళ్ళు మాలోనూ ఉన్నారు, ఒప్పుకుంటాను. "ఇది వేసుకుని చనిపోతే చాలు, ఎలా బతికినా నరకం తప్పుతుంది" అనుకునేవాళ్ళు ఉన్నారు. కథోలిక శ్రీసభ సత్యోపదేశం (మా అధికారిక బోధ పుస్తకం) 2111వ పేరాలో అలాంటి నమ్మకాన్ని మూఢనమ్మకం అనే రాసింది. మనసులో ఏమీ లేకుండా పైపై ఆచారానికే శక్తి ఉందనుకోవడం మొదటి ఆజ్ఞకి విరుద్ధం.

విజయవాడ హైవే

కారు అద్దానికి జపమాల వేలాడదీసి, తాగి బండి నడిపేవాళ్ళ సంగతి కూడా మాట్లాడండి. "మాత చూసుకుంటుంది" అనేవాడు మా బాబాయి. చూసుకోవాల్సింది స్టీరింగ్ పట్టుకున్నవాడు. ఇంతకంటే రాయలేను.

ఫిరంగిపురం అమ్మాయి

చాలా బాధగా ఉంది అన్నా. మీ కోసం, మీ పిన్ని గారి కోసం ప్రార్థిస్తాను. మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ప్రార్థన గుర్తుచేయాల్సిన వస్తువుని ప్రార్థనకి బదులుగా, జాగ్రత్తకి బదులుగా పెట్టుకుంటే అది తాయెత్తు అయిపోతుంది.

పాత రాళ్ళు

చరిత్ర వైపు నుంచి కొంచెం చెప్తాను. తొలి క్రైస్తవులు మెడలో సిలువలు వేసుకుని తిరిగారని చాలామంది అనుకుంటారు. అలా కాదు. సిలువ మరణం అప్పట్లో బానిసలకి, తిరుగుబాటుదార్లకి వేసే శిక్ష. మర్యాదస్తులు నలుగురిలో ఆ మాటే ఎత్తేవారు కాదు. రోములో పాలటైన్ కొండ మీద 1857లో బయటపడిన ఒక గోడ గీత ఉంది. దాదాపు క్రీ.శ. 200 నాటిదని అంచనా. సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి. పక్కన ఒకడు చెయ్యెత్తి నిలబడ్డాడు. కింద గ్రీకులో వంకరటింకర అక్షరాలు: "అలెక్సమెనోస్ దేవుణ్ణి ఆరాధిస్తున్నాడు." ఎవడో తోటివాణ్ణి ఏడిపించడానికి గీకిన గీత అది. సిలువ మీద యేసును చూపే అతి పాత బొమ్మల్లో అది ఒకటి, గీసింది మాత్రం శత్రువు.

ఇంచుమించు ఆ కాలంలోనే అలెగ్జాండ్రియాలో క్లెమెంట్ అనే గురువు, క్రైస్తవులు ముద్ర వేసే ఉంగరం మీద ఏ గుర్తు చెక్కించుకోవచ్చో రాశాడు. పావురం, చేప, ఓడ, వీణ లాంటి వాద్యం, లంగరు. ఆ జాబితాలో సిలువ లేదు! కత్తి, విల్లు వద్దన్నాడు, మనం శాంతిని వెతికేవాళ్ళం కాబట్టి. అంటే గుర్తులు ధరించడం అప్పటికే ఉంది. ఏ గుర్తు ఏం చెబుతుందో ఆలోచించి ఎంచుకోమన్నాడు.

వస్తువుగా లేకపోయినా చేతి గుర్తుగా సిలువ ఉంది. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత సుమారు 211లో రాశాడు: బయటికి వెళ్ళేటప్పుడు, లోపలికి వచ్చేటప్పుడు, చెప్పులు వేసుకునేటప్పుడు, స్నానానికి, భోజనానికి, దీపం పెట్టేటప్పుడు, పడుకునేటప్పుడు నుదుటి మీద ఆ గుర్తు వేసుకుంటామని. 312లో రోమా చక్రవర్తి కాన్‌స్టాంటిన్ యుద్ధం గెలిచాక క్రీస్తు గుర్తు సైనికుల డాళ్ళ మీదికి, నాణేల మీదికి ఎక్కింది. ఆ మలుపు గురించి నాకు ఇప్పటికీ మనసులో బాధ ఉంది. శిక్ష పడ్డవాడి గుర్తు, శిక్ష వేసేవాడి చేతికి వెళ్ళింది.

మెడలో వేసుకున్న సిలువ గురించి నాకు బాగా ఇష్టమైన సంగతి మాక్రినాది. ఇప్పటి టర్కీలో ఉన్న ప్రాంతంలో, 379లో చనిపోయింది. ఆస్తి అంతా పంచేసి పేద స్త్రీలతో కలిసి బతికింది. అంత్యక్రియలకి సిద్ధం చేస్తుంటే బట్టల లోపల సన్నటి తాడుకి ఇనుప సిలువ, ఇనుప ఉంగరం కనిపించాయని తమ్ముడు, నిస్సా ఊరి బిషప్ గ్రెగరీ రాశాడు. సిలువను ఆమె స్నేహితురాలికి ఇచ్చి, ఉంగరం తను ఉంచుకున్నాడు. ఇనుము అని గమనించండి. బయటికి కనపడకుండా వేసుకుందని కూడా గమనించండి. నర్సాపురం సహోదరుడి అభ్యంతరాలు రెండూ ఆమె దగ్గర నిలబడవు.

నర్సాపురం సహోదరుడు

మాక్రినా సంగతి నాకు తెలియదు. ఇనుప సిలువ, బట్టల లోపల... దాన్ని నేను కాదనలేను. కానీ బ్రదర్, ఆమెలా ఆస్తి పంచినవాళ్ళు ఎంతమంది, సిలువ మాత్రం వేసుకున్నవాళ్ళు ఎంతమంది? నా ప్రశ్న అక్కడే ఉంది.

గుంటూరు లూథరన్

రేపల్లె సిస్టర్, మీ అమ్మగారి వైపు నుంచి మాట్లాడతాను. పదహారో శతాబ్దంలో కథోలిక సంఘం నుంచి విడిపోయిన సంస్కర్తలందరూ సిలువను తీసేశారన్నది సగం నిజం. జ్యూరిక్‌లో జ్వింగ్లీ మనుషులు 1524లో చర్చిల్లోంచి బొమ్మలన్నీ తీసేశారు. లూథర్ ఆ దారిలో వెళ్ళలేదు. ఆయన 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో, పొద్దున్న లేవగానే, రాత్రి పడుకునేముందు సిలువ గుర్తు వేసుకుని ప్రార్థించమని ఉంది. మనలో చాలామందికి ఆ పేజీ ఉందనే తెలియదు.

లూథర్ ముద్ర కూడా ఉంది. ఎర్రటి గుండెలో నల్ల సిలువ, చుట్టూ తెల్ల గులాబీ, వెనక ఆకాశపు నీలం, అంచున బంగారు వలయం. సిలువ ఎందుకు నల్లగా ఉందో 1530లో ఒక స్నేహితుడికి ఉత్తరంలో వివరించాడు: అది నొప్పి పెడుతుంది, మన పాత స్వభావాన్ని చంపుతుంది. అయినా గుండె తన ఎర్రరంగులోనే ఉంటుంది, ఎందుకంటే సిలువ మనిషిని నాశనం చేయదు, బతికిస్తుంది. మీ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్నకి నాకు తెలిసిన మంచి జవాబు ఇదే. వేసుకుంటే "నన్ను చంపి బతికించు" అని చెప్తున్నట్టు. ఆ మాట చెప్పే ధైర్యం ఉంటే వేసుకోమనండి.

కాకినాడ సిస్టర్

ఒక మాట ఎవరూ అనట్లేదు కాబట్టి నేను అంటాను. మెడలో సిలువ కనిపిస్తే విగ్రహారాధన అనే మా పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలవాళ్ళం మేం. మరి మా బ్యాగుల్లో ఏముంటున్నాయి? ప్రార్థన నూనె సీసా, పాస్టర్ గారు ముట్టి ఇచ్చిన చేతిరుమాలు. పిల్లాడి దిండు కింద బైబిల్, పీడకలలు రాకుండా. కొత్త షాపు గడపకి నూనె. అపొస్తలుల కార్యములు 19లో పౌలు చేతిరుమాళ్ళ వల్ల రోగులు బాగయ్యారని చూపిస్తారు, నిజమే. అదే అధ్యాయంలో ఇంకో రెండు వచనాలు కిందికి వెళ్తే స్కెవ కొడుకులు కనిపిస్తారు. యేసు పేరునే మంత్రంలా వాడబోయి, గాయాలతో, ఒంటి మీద బట్ట లేకుండా పారిపోయారు. ఆ రెండూ పక్కపక్కనే ఎందుకు రాశాడో లూకా, మేం చదవట్లేదు.

మా వీధిలో ఒకావిడ క్యాన్సర్‌కి మందులు మానేసి నూనె మీదే ఆధారపడింది. ఇప్పుడు లేదు. ఆమె మెడలో సిలువ లేదు, మా లెక్క ప్రకారం ఆమె ఇంట్లో ఏ విగ్రహమూ లేదు. నాకు ఆ మాట అనడానికే ఇప్పుడు నోరు రావట్లేదు.

నర్సాపురం సహోదరుడు

సిస్టర్ చెప్పింది చాలా బరువైన మాట. మేం గోడ మీద సిలువ తీసేసినంత మాత్రాన మనసులో ఇత్తడి సర్పం పోదు. మా సహవాసంలో నూనె సీసాలు లేవు గానీ, "మేం వేసుకోం" అనే గర్వం ఉంది. మత్తయి 23:5లో ప్రభువు మందలించింది రక్షరేకులు (వాక్యం రాసి ఒంటికి కట్టుకునే చిన్న పెట్టెలు) వెడల్పు చేసుకునేవాళ్ళని. అక్కడ తప్పు రక్షరేకులు కట్టుకోవడంలో లేదు. చేతికి, నుదుటికి కట్టుకొమ్మని ద్వితీయోపదేశకాండం 6లోనే ఉంది. మనుషులకి కనపడాలని వెడల్పు చేయడంలో ఉంది. కనపడాలని తీసేయడంలోనూ అదే తప్పు ఉండొచ్చు. అయినా బంగారం విషయంలో నా అభిప్రాయం మారలేదు.

కువైట్ నుంచి

మాది కడప జిల్లా, ఇక్కడ కువైట్‌లో డ్రైవర్‌గా చేస్తున్నాను. నా రూమ్మేట్ ఈజిప్టు వాడు, అక్కడి పాత సంఘమైన కోప్టిక్ సంఘానికి చెందిన క్రైస్తవుడు. కుడిచేతి మణికట్టు లోపలివైపు చిన్న సిలువ పచ్చబొట్టు ఉంటుంది. చిన్నప్పుడే వేయించారట. తీసి జేబులో దాచుకోవడానికి వీల్లేని గుర్తు అది. వాళ్ళ ఊళ్ళో చర్చి గేటు దగ్గర చెయ్యి చూపిస్తే లోపలికి పంపుతారని చెప్పాడు. అదే చెయ్యి ఇంకొకచోట చూపిస్తే ఉద్యోగం రాదు.

2015 ఫిబ్రవరిలో లిబియాలో సముద్రం ఒడ్డున 21 మందిని చంపారు గుర్తుందా? ఇరవై మంది ఈజిప్టు కూలీలు, ఒకరు ఘనా దేశస్తుడు. మాలాగే పనికోసం పరాయి దేశం వెళ్ళినవాళ్ళు. 2023లో పోప్ ఫ్రాన్సిస్ వాళ్ళ పేర్లను కథోలికుల అమరవీరుల జాబితాలో కూడా చేర్చారు, వాళ్ళు కథోలికులు కాకపోయినా. మా వాడు ఆ మాట చెప్పేటప్పుడు మణికట్టు రుద్దుకుంటూ ఉంటాడు. లేవీకాండం 19:28లో పచ్చబొట్టు వద్దని ఉంది కదా అని నేను ఒకసారి అడిగాను. "అది చచ్చినవాళ్ళ కోసం పొడిపించుకునేవాళ్ళకి. ఇది బతికున్నవాడి కోసం" అన్నాడు.

పేరు వద్దు

రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను. మీరంతా వేసుకోవడం మంచిదా కాదా అని మాట్లాడుతున్నారు. మా పేటలో ప్రశ్న వేరే: వేసుకుంటే ఎవరి కంట పడుతుంది?

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి వెళ్ళిన ఎస్సీలు బీసీ-సీలోకి వస్తారు, ఒక శాతం రిజర్వేషన్. ఊళ్ళో మాత్రం మమ్మల్ని ఎవరూ బీసీలుగా చూడరు. పేట పేటలాగే ఉంటుంది, టీ కొట్టు దగ్గర చూపు అలాగే ఉంటుంది. 2024 నవంబరులో పుదుచ్చేరి అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం తీసుకుని చర్చికి వెళ్తున్న మనిషి ఉద్యోగం కోసం హిందూ ఎస్సీ సర్టిఫికెట్ అడగడం కుదరదని తీర్పు ఇచ్చింది. ఆ వార్త వచ్చిన రోజు మా పేటలో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. టెన్షన్ మాత్రం అందరి మొహాల్లో ఉంది.

మా అమ్మకి నల్లతాడుకి కట్టిన అల్యూమినియం సిలువ ఉండేది. ఇంట్లో, ప్రార్థనలో వేసుకునేది. మండలాఫీసుకి వెళ్ళాలంటే తీసి బియ్యం డబ్బాలో పెట్టేది. సర్టిఫికెట్ ఎంక్వయిరీకి మనిషి వస్తున్నాడంటే గోడ మీద వాక్యం క్యాలెండర్ కూడా దించేసేవాళ్ళం. ఆమె కంటే గట్టిగా ప్రార్థించిన మనిషిని నేను చూడలేదు. ఉపవాసం ఉండి కూలికి వెళ్ళేది.

సభల్లో స్టేజీ ఎక్కి "సిలువ వేసుకోవడానికి సిగ్గుపడేవాడు క్రీస్తును ఎరుగననేవాడితో సమానం" అని అరిచేవాళ్ళు ఉన్నారు. అలా అనేవాళ్ళకి ఏ ఆఫీసులోనూ కులం కాగితం అవసరం పడి ఉండదు. యేసును పట్టుకున్న రాత్రి ఆయన్ని ఎరుగనన్న శిష్యుడు పేతురులా మా అమ్మ ఎరుగనని అనలేదు. పిల్లల్ని చదివించుకుంది.

రేపల్లె రేవు

అన్నా, మీరు రాసింది మా అమ్మాయికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నేను భయం లేకుండా వేసుకోగలను, అది నా గొప్ప కాదు కదమ్మా" అంది.

పాత రాళ్ళు

పేరు వద్దు అన్నా, మీ అమ్మగారి లాంటివాళ్ళు చరిత్రలో ఒక జాతి మొత్తం ఉన్నారు. జపాన్‌లో 1614లో క్రైస్తవాన్ని దేశమంతటా నిషేధించారు. నాగసాకి ప్రాంతంలో అధికారులు క్రీస్తు బొమ్మ, మరియమ్మ బొమ్మ చెక్కిన పలకలు నేల మీద పెట్టి జనాన్ని తొక్కమనేవారు. తొక్కనివాడు క్రైస్తవుడని పట్టుకునేవారు. ఏటా తొక్కి ఇంటికి వచ్చి, క్షమించమని ప్రార్థించినవాళ్ళు ఎంతోమంది. చేతిలో బిడ్డ ఉన్న, బౌద్ధుల కరుణామూర్తి కన్నోన్ బొమ్మను పెట్టుకుని దానిలో మరియమ్మను చూసుకున్నారు. గురువులు (ఫాదర్లు) లేరు, బలిపూజ (రొట్టె, ద్రాక్షరసాల ఆరాధన) లేదు. తాత నుంచి మనవడికి జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఒక్కటి అందింది. 1865 మార్చిలో నాగసాకిలో విదేశీయుల కోసం కట్టిన ఓవురా చర్చికి కొంతమంది పల్లెటూరివాళ్ళు వచ్చి, ఫ్రెంచి ఫాదర్ చెవిలో "మా మనసూ మీ మనసూ ఒకటే" అని చెప్పి, మరియమ్మ బొమ్మ ఎక్కడుందని అడిగారు. రెండు వందల ఏళ్ళకు పైగా దాచుకున్న మాట అది. వాళ్ళను ఎరుగనన్నవాళ్ళు అని నేను అనలేను.

నర్సాపురం సహోదరుడు

పేరు వద్దు బ్రదర్, మీ అమ్మగారికి నా వందనాలు. మా ప్రసంగాల్లో ఆ పేతురు పోలిక నేనూ విన్నాను. ఇకమీద ఎక్కడ విన్నా అక్కడే లేచి అడుగుతాను.

బర్మింగ్‌హామ్ నర్సు

నేను ఇంగ్లండులో వార్డు నర్సుని. ఇక్కడ గొలుసులు వేసుకుని డ్యూటీ చేయనివ్వరు. ఇది మతం మీద కోపంతో పెట్టిన నియమం కాదు. మతిమరుపు ఉన్న పేషెంట్లని లేపేటప్పుడు చేతికి ఏది దొరికితే అది పట్టుకుని లాగుతారు. ఇన్‌ఫెక్షన్ భయమూ ఉంది.

2013 జనవరిలో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఒకే తీర్పులో రెండు సిలువల గురించి చెప్పింది, ఉద్యోగంలో సిలువ కనపడేలా వేసుకోనివ్వలేదని ఇద్దరు వేసిన కేసులవి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఉద్యోగిని నాడియా ఎవైడా గెలిచింది. నర్సు షర్లీ చాప్లిన్ ఓడిపోయింది. చాప్లిన్ 1971లో తన దృఢీకరణ (బాప్తిస్మపు విశ్వాసాన్ని స్థిరపరిచే ఆరాధన) అప్పటి నుంచి ఆ సిలువ వేసుకుంటూనే ఉంది. బ్రూచ్‌లా గుచ్చుకోమని, మెడ మూసిన బట్ట లోపల పెట్టుకోమని హాస్పిటల్ వాళ్ళు అడిగారు, ఆమె ఒప్పుకోలేదు. పేషెంట్ల క్షేమం ముఖ్యం అంది కోర్టు. ఎవైడా విషయంలో మాత్రం, కంపెనీ తన ఇమేజ్‌కి ఎక్కువ విలువ ఇచ్చిందని తప్పుపట్టింది. ఇంకో ముఖ్యమైన మాట కూడా ఉంది. సిలువ వేసుకోవడం క్రైస్తవంలో తప్పనిసరి కాదు కాబట్టి దానికి రక్షణ అక్కర్లేదన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. మతం ఆజ్ఞాపించకపోయినా, అది నిజంగా విశ్వాసంలోంచి వచ్చిందైతే చాలు అంది.

నాకు చాప్లిన్ మీద జాలి ఉంది, కానీ నేనైతే తీసేస్తాను. డ్యూటీకి వెళ్ళేముందు లాకర్ రూములో గొలుసు తీసి పర్సులో వేసుకుంటూ ఒక చిన్న ప్రార్థన చేస్తాను. తర్వాత పన్నెండు గంటలు నా చేతులే. చనిపోబోయే ముసలాయన ఒకరు "నువ్వు క్రిస్టియన్ నర్సువా?" అని అడిగారు, మెడలో ఏమీ లేకుండానే.

కోట్టయం కోడలు

మా పుట్టిల్లు ఖమ్మం, మెట్టిల్లు కేరళ సిరియన్ క్రైస్తవులది. ఇక్కడ పెళ్ళిలో మిన్ను కడతారు. ఆకు ఆకారంలో చిన్న బంగారు బిళ్ళ, దాని మీద బంగారు పూసలతో సిలువ. పెళ్ళికొడుకు ఇచ్చే మంత్రకోడి చీరలోంచి పోగులు లాగి, పేని, ఆ దారానికి మిన్ను గుచ్చి కడతారు. ఆ తర్వాత గొలుసుకి మార్చుకుంటాం. చుట్టుపక్కల వాళ్ళ తాళి ఆచారాన్నే తీసుకుని దాని మీద తమ గుర్తు పెట్టుకున్నారు. మన తెలుగు కథోలిక, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) పెళ్ళిళ్ళలోనూ సిలువ ఉన్న సూత్రం కట్టేవాళ్ళు ఉన్నారు కదా.

డోర్నకల్ కెథడ్రల్ చూశారా ఎవరైనా? అజరయ్య బిషప్ గారు 1939 నాటికి కట్టించిన గుడి. మన దేశపు గుమ్మటాలు, స్తంభాలతో ఉంటుంది. సి.ఎస్.ఐ. చిహ్నంలో కూడా సిలువ తామరపువ్వులో కలిసి ఉంటుంది. పరాయి గుర్తు అని మనల్ని అనేవాళ్ళకి నేను అవే చూపిస్తాను.

ఇంటర్ కుర్రాడు

మా కాలేజీలో నమ్మకం లేనివాళ్ళు కూడా పెద్ద పెద్ద సిలువలు వేసుకుంటున్నారు, ఫ్యాషన్ అని. నాకు ఇదివరకు కోపం వచ్చేది. ఇప్పుడు "అది ఎవరిదో తెలుసా?" అని అడుగుతున్నాను. ఒకడు నిజంగానే కూర్చుని విన్నాడు.

రేపల్లె రేవు

అందరికీ కృతజ్ఞతలు. ఇంట్లో తేలింది ఇది. బాప్తిస్మం రోజు మెడలో ఏమీ ఉండదు, సంఘం పద్ధతి అది, అమ్మాయికీ అభ్యంతరం లేదు. బంగారు సిలువ అమ్మకే తిరిగి ఇస్తానంది, కోపంతో కాదు. దాని ఖరీదుతో అమ్మమ్మ ఊళ్ళో ఒకమ్మాయి హాస్టల్ ఫీజు కట్టించి, తనకి స్టీలుదో, చెక్కదో చిన్న సిలువ కొనిపెట్టమని అడిగింది. బట్టల లోపల వేసుకుంటుందట. అమ్మ కాసేపు అలిగింది. తర్వాత హాస్టల్ ఫీజు ఎంతో కనుక్కోమంది. సంఘ పెద్ద గారు స్టీలు సిలువకి కూడా ఒప్పుకోలేదు. ఆ మాట ఆయనతో ఇంకా మాట్లాడాలి.

నర్సాపురం సహోదరుడు

ఆ పెద్దగారి స్థానంలో నేనున్నా బహుశా ఒప్పుకునేవాణ్ణి కాదు సిస్టర్. కానీ ఆ పిల్లను రొట్టె విరిచే ఆరాధన నుంచి ఆపకూడదు. ఇలాంటి విషయాల్లో ఒకరికొకరు తీర్పు తీర్చుకోవద్దని చెప్పే రోమా 14 ఆయనతో కలిసి కూర్చుని చదవండి.

విజయవాడ హైవే

ఫిరంగిపురం చెల్లీ, ఒకటి అడగాలి. బాబాయి కారులోని జపమాల తెగిపోయింది, పూసలు కొన్ని లేవు. పిన్ని దాన్ని చూడలేకపోతోంది, పారేయడానికీ చేతులు రావట్లేదు. ఏం చేయాలి?

ఫిరంగిపురం అమ్మాయి

అన్నా, ఆశీర్వదించిన వస్తువు పాడైతే చెత్తలో వేయం. కాల్చడమో, ఎవరూ తొక్కని చోట మట్టిలో పూడ్చడమో మా పద్ధతి. మట్టల ఆదివారం ఇచ్చిన కొమ్మల్ని కూడా అలాగే దాచి, మరుసటి ఏడు కాల్చి, ఆ బూడిదనే భస్మ బుధవారం నుదుటి మీద పెడతారు. జపమాల చెక్క పూసలదైతే కాల్చొచ్చు. ప్లాస్టిక్‌దో గాజుదో అయితే పూడ్చండి. ఇంట్లో చోటు లేకపోతే మీ విచారణ (పారిష్) ఫాదర్ గారికి ఇవ్వండి, ఆయన చూసుకుంటారు. పిన్ని గారు వెళ్ళలేకపోతే మీరే ఇచ్చి రావచ్చు.